కణం కూడా కాలువ కట్టేస్తుంది

మా చేను శివారు ఆయకట్టులో, మురుగు కాలువ పక్కన ఉంటుంది. గోదావరికి వరద వచ్చినప్పుడు పైన వానలు కూడా పట్టుకుంటే మా వైపు నీరు దిగదు. సముద్రం పోటు మీదుంటే అసలు కదలదు. నేను డిగ్రీ చదువుతున్న ఏడాది సార్వాలో ఊడ్పులైన ఇరవై రోజులకే చేను మునిగింది. తొమ్మిది రోజులు నీళ్లలో ఉండిపోయింది. పదో రోజు నీరు తీశాక నాన్నతో గట్టు మీదికి వెళ్లాను. దుబ్బులు ఒరిగి, ఒళ్లంతా బురద అంటుకుని ఉన్నాయి గానీ ఆకులో పచ్చదనం పోలేదు. నాన్న ఒక మొక్క పీకి వేళ్లు చూసి, "బతికింది" అన్నారు.

తర్వాత మబ్బు విడిచి రెండు రోజులు ఎండ కాసింది. ఆ రెండు రోజుల్లోనే ఆకులు చుట్టుకుపోయి ఎండుగడ్డి రంగుకు వచ్చేశాయి.

"తొమ్మిది రోజులు నీళ్లలో చావనిది, గాలీ ఎండా తగిలాక చచ్చిపోయిందేంటమ్మా?" అని అడిగారు నాన్న. గాలాడక చనిపోయిందని చెప్పబోయి ఆగిపోయాను. గాలి అందాకే కదా చనిపోయింది! ఆ రోజు నా దగ్గర జవాబు లేదు. తర్వాత బయోకెమిస్ట్రీ చదివి, కొన్నేళ్లుగా పిల్లలకు పాఠం చెబుతున్నాక ఆ ప్రశ్నకు ఎంత లోతుందో తెలిసింది. ఈ వ్యాసం ఆ ప్రశ్నకు నా జవాబు.

జవాబులో మొదటి సగం చాలామందికి తెలిసిందే: ఆక్సిడేటివ్ స్ట్రెస్, అంటే ఆక్సీకరణ ఒత్తిడి. ఆక్సిజన్ నుంచి పుట్టే కొన్ని చురుకైన పదార్థాలు కణాన్ని దెబ్బతీస్తాయి. రెండో సగం గురించి చెప్పేవాళ్లు తక్కువ. ఆ దెబ్బ తగులుతున్న సమయంలో కణం తన ప్రోటీన్ల తయారీని చాలావరకు తనంతట తాను ఆపుకుంటుంది. ఆ ఆపడాన్ని కూడా నష్టాల ఖాతాలోనే రాసేస్తుంటారు. నాకు అది అన్యాయంగా అనిపిస్తుంది. ఆపడం తెలిసిన కణమే ఎక్కువసార్లు బతికి బయటపడుతుంది.

ఎలక్ట్రాన్ల లెక్క తప్పితే

కూర అరటికాయ చెక్కు తీసి పక్కన పెడితే కాసేపటికి నల్లబడుతుంది. అందుకే ముక్కలు కోయగానే మజ్జిగ కలిపిన నీళ్లలో వేస్తాం. గాలిలోని ఆక్సిజన్ అరటికాయలోని కొన్ని పదార్థాల నుంచి ఎలక్ట్రాన్లు లాక్కుంటే వచ్చే నలుపు అది. మజ్జిగ పులుపు ఆ పని చేయించే ఎంజైమును మందగింపజేస్తుంది. ఇనుప కత్తిపీటకు తుప్పు పట్టడం కూడా ఎలక్ట్రాన్లు పోవడమే.

ఎలక్ట్రాన్ల కోసం ఆక్సిజన్‌కున్న ఆ ఆబే మన ప్రాణానికి ఆధారం. తిన్న అన్నం నుంచి వచ్చిన ఎలక్ట్రాన్లు, కణానికి శక్తిని అందించే మైటోకాండ్రియా అనే భాగాల్లో వరుసగా ఒక ప్రోటీన్ నుంచి ఇంకో ప్రోటీన్‌కు చేతులు మారుతూ చివరికి ఆక్సిజన్‌ను చేరతాయి. ఒక్కో ఆక్సిజన్ అణువు నాలుగు ఎలక్ట్రాన్లు తీసుకుని నీరుగా మారిపోతుంది. ఆ దారిలో విడుదలైన శక్తితో ఏటీపీ తయారవుతుంది. కణం తన పనులకు ఖర్చుపెట్టుకునే శక్తి నాణెం అది. అంతా సవ్యంగా జరిగితే ఆఖరున మిగిలేది నీరే.

కానీ దారి మధ్యలో ఒక ఎలక్ట్రాన్ జారి ఆక్సిజన్‌కు తగిలితే సూపరాక్సైడ్ పుడుతుంది. దాన్ని హైడ్రోజన్ పెరాక్సైడ్‌గా మార్చే ఎంజైమును 1969లో మెకార్డ్, ఫ్రిడోవిచ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు గుర్తించారు. ఆ పెరాక్సైడ్‌ను కేటలేజ్ వంటి ఎంజైములు నీరుగా, ఆక్సిజన్‌గా విడగొడతాయి. ఈలోగా పెరాక్సైడ్‌కు విడిగా తిరుగుతున్న ఇనుము ఎదురైతే హైడ్రాక్సిల్ రాడికల్ పుడుతుంది. ఇది అన్నిటికంటే ప్రమాదం. పుట్టిన చోటే, పక్కన ఏముంటే దాన్ని కొరికేస్తుంది. దీన్ని అడ్డుకునే ఎంజైము మన ఒంట్లో లేదు. పుట్టకుండా చూసుకోవడం ఒక్కటే దారి.

ఇలాంటివి పుట్టే వేగం, వాటిని చల్లార్చే వేగాన్ని మించిపోవడాన్నే ఆక్సిడేటివ్ స్ట్రెస్ అంటాం. 1985లో హెల్ముట్ సీస్ అనే జర్మన్ శాస్త్రవేత్త ఈ భావనకు స్పష్టమైన నిర్వచనం ఇచ్చారు. అసలు పెరాక్సైడ్ లేకుండా ఏ కణమూ ఉండదని మాత్రం గుర్తుంచుకోవాలి. కొద్ది మోతాదులో అది కణం లోపల కబుర్లు మోస్తుంది.

ఇప్పుడు మునిగిన చేను చూద్దాం. నీటి అడుగున మొక్కకు ఆక్సిజన్ అందదు, బురద నీటిలో వెలుతురూ సరిగా సోకదు. ఎలక్ట్రాన్లను అందుకునే ఆక్సిజన్ లేక అవి మైటోకాండ్రియాలోని ఆ ప్రోటీన్ల వరుసలోనే పేరుకుపోతాయి. నిల్వ ఉన్న పిండిపదార్థం కరిగిపోతుంది. చల్లార్చే పదార్థాల నిల్వా తగ్గుతుంది. అలాంటి మొక్కకు ఒక్కసారిగా గాలీ ఎండా తగిలితే, పేరుకున్న ఎలక్ట్రాన్లు కట్ట తెగినట్టు ఆక్సిజన్ మీద పడతాయి. పత్రహరితం ఎండనైతే పట్టేస్తుంది గానీ, ఆ శక్తిని వాడుకునే యంత్రాంగం ఇంకా తేరుకుని ఉండదు. దెబ్బతిన్న వేళ్లు ఆకుకు చాలినంత నీరు ఎక్కించలేవు. తొమ్మిది రోజుల్లో జరగని నష్టం రెండు రోజుల్లో జరిగింది అందుకే. మా వైపు రొయ్యల చెరువుల్లో తెల్లవారుజామున ఆక్సిజన్ పడిపోయి, తర్వాత ఏరియేటర్లు తిప్పాక మళ్లీ పెరిగినప్పుడు రొయ్యల ఒంట్లోనూ ఇలాంటి ఒత్తిడే పుడుతుంది.

ప్రోటీన్ చేయడమంటే ఖర్చు

కణంలో దాదాపు ప్రతి పనీ చేసేది ప్రోటీన్లే. ఏ ప్రోటీన్ ఎలా ఉండాలో డీఎన్‌ఏలో రాసి ఉంటుంది. అవసరమైన భాగానికి ఎంఆర్‌ఎన్‌ఏ అనే నకలు తీస్తారు. రైబోజోమ్ ఆ నకలును మూడేసి అక్షరాల చొప్పున చదువుకుంటూ పోతుంది. టీఆర్‌ఎన్‌ఏలు తెచ్చి ఇచ్చిన అమైనో ఆమ్లాలను దండలో పువ్వుల్లా ఒకదాని పక్కన ఒకటి కడుతుంది. చిదంబరంలో పుట్టిన వెంకట్రామన్ రామకృష్ణన్‌కు 2009లో మరో ఇద్దరితో కలిపి నోబెల్ వచ్చింది ఈ రైబోజోమ్ ఆకారాన్ని, పనితీరును విప్పి చూపినందుకే. మన కణాల్లో ఒక్కో రైబోజోమ్ సెకనుకు సుమారు ఐదారు అమైనో ఆమ్లాలు కడుతుంది.

ఒక్కో అమైనో ఆమ్లాన్ని చేర్చడానికి సుమారు నాలుగు ఏటీపీలకు సమానమైన శక్తి పోతుంది. వందల అమైనో ఆమ్లాల ప్రోటీన్లు లక్షల్లో తయారవుతుంటే ఖర్చు ఎంతవుతుందో ఆలోచించండి. కణం పెట్టే ఖర్చుల్లో అన్నిటికంటే పెద్దవాటిలో ఇదొకటి. పైగా, తయారైన ప్రోటీన్ సరిగ్గా మడత పడాలి. సగం మడత పడి తిరిగే ప్రోటీన్ చుట్టుపక్కలవాటికి అంటుకుని ఉండలు కడుతుంది. ఒంట్లో పెరాక్సైడ్ ఎక్కువగా ఉన్న సమయంలో కొత్త ప్రోటీన్లు చేస్తూ పోతే పాడయ్యే సరుకు పెరగడం తప్ప మరేం జరగదు.

అందుకే కణం ఆపుతుంది. ఎలా ఆపుతుందో చెప్పడానికి మన డెల్టాలో ఉన్నవాళ్లకు చక్కని పోలిక ఉంది. దాళ్వా పంట చేతికొచ్చే వేళకు, ఎండాకాలంలో కాలువలు కట్టేస్తారు. కట్టేసే ముందు ఊళ్లలోని మంచినీటి చెరువులు నింపుకోమంటారు. కాలువ ఎండాక పూడిక తీస్తారు, గుర్రపుడెక్క లాగేస్తారు, లాకుల షట్టర్లు బాగుచేస్తారు. సార్వాకు మళ్లీ ధవళేశ్వరం దగ్గర నీరు వదులుతారు. కాలువ కట్టేయడాన్ని ఎవరూ కాలువకు వచ్చిన జబ్బు అనరు. కట్టేసినా తాగునీరు అందాలి. బాగుచేసే పని ఈలోపే అయిపోవాలి. సమయానికి మళ్లీ తెరవాలి. కణం విషయంలోనూ చూడాల్సినవి ఈ మూడే.

తల తూము దగ్గర

నీరు ఆపాలంటే ప్రతి బోదె దగ్గరా అడ్డు వేయక్కర్లేదు, తల తూము దించితే చాలు. ప్రోటీన్ల తయారీకి అలాంటి తల తూము ఈఐఎఫ్2 అనే ప్రోటీన్. ప్రతి ప్రోటీన్‌కూ మొదటి అమైనో ఆమ్లం మెథియోనిన్. దాన్ని మోసే టీఆర్‌ఎన్‌ఏను రైబోజోమ్ దగ్గరికి తీసుకొచ్చేది ఈఐఎఫ్2. ఒకసారి పని అయ్యాక దానికి శక్తి అయిపోతుంది. ఈఐఎఫ్2బీ అనే ఇంకో ప్రోటీన్ దాన్ని మళ్లీ ఛార్జ్ చేస్తుంది.

ఒత్తిడి వచ్చినప్పుడు కణం ఈఐఎఫ్2 మీద, 51వ స్థానంలో ఉన్న సెరిన్ అనే అమైనో ఆమ్లానికి ఒక ఫాస్ఫేట్ అతికిస్తుంది. అలా అతికిన ఈఐఎఫ్2 వెళ్లి ఈఐఎఫ్2బీని పట్టుకుని వదలదు. కణంలో ఈఐఎఫ్2బీ తక్కువగా ఉంటుంది. కాబట్టి ఈఐఎఫ్2లో కొంత భాగానికి ఫాస్ఫేట్ అతికినా చాలు, మిగతా వాటికి ఛార్జింగ్ దొరకదు. కొత్త ప్రోటీన్లు మొదలవడం చాలావరకు ఆగిపోతుంది.

కాలువ షట్టర్లు ఎత్తి దించేవాళ్లను లస్కర్లు అంటాం. ఈ ఫాస్ఫేట్ అతికించే లస్కర్లు మన కణాల్లో నలుగురు. వైరస్ వస్తే పీకేఆర్, అమైనో ఆమ్లాలు తగ్గితే జీసీఎన్2, ప్రోటీన్ల మడతల్లో తేడా వస్తే పెర్క్, హీమ్ తగ్గినా ఆక్సీకరణ ఒత్తిడి వచ్చినా హెచ్‌ఆర్‌ఐ. నలుగురూ వేర్వేరు కారణాలకు కదులుతారు గానీ దించే షట్టరు ఒక్కటే. మైటోకాండ్రియాలో గొడవ జరిగితే ఆ కబురు బయట ఉన్న హెచ్‌ఆర్‌ఐకి ఎలా చేరుతుందో చాలాకాలం తెలియలేదు. డీఈఎల్‌ఈ1 అనే ప్రోటీన్ ముక్క మైటోకాండ్రియా నుంచి బయటికొచ్చి ఆ కబురు చెబుతుందని 2020లో బయటపడింది.

హెచ్‌ఆర్‌ఐ గురించి ఇంకొంచెం చెప్పాలి. ఎందుకంటే దాని పని మన ఇళ్లలో కనిపిస్తుంది. ఐరన్ తక్కువైన ఆడపిల్లల రక్తపరీక్ష రిపోర్టులో ఎర్రకణాల సైజు చిన్నగా ఉందని రాస్తారు. రక్తానికి ఎరుపునిచ్చే హిమోగ్లోబిన్‌లో ఐరన్ ఉన్న భాగం హీమ్, ప్రోటీన్ భాగం గ్లోబిన్. ఐరన్ లేకపోతే హీమ్ తయారుకాదు. హీమ్ లేకుండా గ్లోబిన్ ప్రోటీన్ ఒక్కటే తయారైతే అది ఉండలు కట్టి కణాన్ని చంపేస్తుంది. హీమ్ తగ్గిందని గమనించిన హెచ్‌ఆర్‌ఐ గ్లోబిన్ తయారీని తగ్గిస్తుంది. కణం చిన్నదవుతుంది గానీ బతుకుతుంది. హెచ్‌ఆర్‌ఐ లేకుండా పుట్టించిన ఎలుకలకు ఐరన్ తగ్గించి 2001లో చూశారు. వాటి ఎర్రకణాలు చిన్నవి కాలేదు. బదులుగా లోపల గ్లోబిన్ ఉండలు కట్టింది, రక్తహీనత ఇంకా ముదిరింది. ఆ రిపోర్టులో కనిపించే చిన్న కణం లోపాన్ని తట్టుకుంటున్న కణం. ఈ సంగతి పాఠంలో చెప్పిన ప్రతిసారీ నాకు ఒళ్లు పులకరిస్తుంది.

చెరువులు నింపే కిటుకు

అన్నీ ఆపేస్తే మరమ్మతు చేసే ప్రోటీన్లు ఎక్కడి నుంచి వస్తాయి? ఇక్కడే కణం చేసిన ఏర్పాటు అద్భుతంగా ఉంటుంది. ఏటీఎఫ్4 అనే ప్రోటీన్ మామూలు రోజుల్లో పెద్దగా తయారుకాదు. మిగతావన్నీ ఆగినప్పుడే తయారవుతుంది. షట్టరు దించితే దానికి మాత్రం నీరెలా పారుతుంది?

ఏటీఎఫ్4 ఎంఆర్‌ఎన్‌ఏలో అసలు సందేశానికి ముందు రెండు చిన్న సందేశాలు ఉంటాయి. రైబోజోమ్ చిన్న భాగాన్ని ఒక బస్సు అనుకోండి. ఈఐఎఫ్2 తెచ్చే మెథియోనిన్ టీఆర్‌ఎన్‌ఏను కండక్టరు అనుకోండి. కండక్టరు ఉంటేనే బస్సు స్టాపులో ఆగుతుంది. మొదటి చిన్న సందేశం దగ్గర బస్సు ఆగుతుంది, అక్కడ కండక్టరు దిగిపోతాడు. బస్సు ముందుకు కదులుతూనే ఇంకో కండక్టరు కోసం చూస్తుంది. మామూలు రోజుల్లో కండక్టర్లకు కొరత లేదు కాబట్టి రెండో చిన్న సందేశం వచ్చేలోపే ఒకరు ఎక్కేస్తారు. బస్సు అక్కడ ఆగుతుంది. ఆ రెండో సందేశం అసలు సందేశం మొదలయ్యే చోటును దాటి అవతల ముగుస్తుంది. దాంతో బస్సు ఏటీఎఫ్4 స్టాపును దాటిపోయి ఖాళీ అవుతుంది. ఒత్తిడి వచ్చినప్పుడు కండక్టర్లు కరువు. రెండో సందేశం వచ్చేసరికి ఎవరూ ఎక్కి ఉండరు, బస్సు ఆగకుండా దాన్ని దాటేస్తుంది. ఏటీఎఫ్4 స్టాపు వచ్చేలోపు ఒకరు ఎక్కుతారు. అక్కడ ఆగుతుంది. కొరతే దానికి దారి తెరుస్తుంది.

అలా పుట్టిన ఏటీఎఫ్4 కేంద్రకంలోకి వెళ్లి, అమైనో ఆమ్లాలు తెచ్చుకునే జన్యువులను, గ్లూటాథయోన్ తయారీకి కావలసిన జన్యువులను మేల్కొలుపుతుంది. గ్లూటాథయోన్ పెరాక్సైడ్‌ను చల్లార్చడానికి పనికొచ్చే చిన్న పదార్థం.

దీనికి తోడు ఎన్‌ఆర్‌ఎఫ్2 ఉంది. మామూలుగా కీప్1 అనే ప్రోటీన్ దాన్ని పట్టుకుని, పుట్టిన కొన్ని నిమిషాలకే నాశనానికి పంపుతుంటుంది. కీప్1 మీద గంధకం ఉన్న సిస్టీన్ అనే అమైనో ఆమ్లాలు చాలా ఉన్నాయి. ఆక్సీకరణ ఒత్తిడి వచ్చినప్పుడు వాటిలో మార్పు వచ్చి కీప్1 పట్టు సడలుతుంది. ఎన్‌ఆర్‌ఎఫ్2 నిలిచి, పోగై, కేంద్రకంలోకి వెళ్లి రక్షణ ఎంజైముల జన్యువులను తెరుస్తుంది. ఒత్తిడి కలిగించే పదార్థమే ఒత్తిడి గురించి కబురు చెబుతుంది.

సగం దారిలో ఉన్నవి

తల తూము దించినా అప్పటికే కాలువలో ఉన్న నీరు పారుతూనే ఉంటుంది. అలాగే మొదలైపోయిన రైబోజోములు పని సాగిస్తూనే ఉంటాయి. వాటిని నెమ్మది చేయడానికి ఈఈఎఫ్2 అనే ఇంకో ప్రోటీన్‌కు ఫాస్ఫేట్ అతికిస్తారు. ఈఈఎఫ్2 రైబోజోమును ఒక్కో అడుగు ముందుకు జరుపుతుంది. ఫాస్ఫేట్ అతికితే ఆ పని చేయలేదు. ఈస్ట్ కణాలకు పెరాక్సైడ్ ఇచ్చి 2006లో చూసినప్పుడు మొదలవడమూ తగ్గింది, సాగడమూ మందగించింది. కొన్ని టీఆర్‌ఎన్‌ఏలను యాంజియోజెనిన్ అనే ఎంజైము నడిమికి తెంపుతుంది. తెగిన ముక్కల్లో కొన్ని తామే తయారీని అడ్డుకుంటాయి.

ఇక రైబోజోములు వదిలేసిన ఎంఆర్‌ఎన్‌ఏలు వృథాగా పోవు. కొన్ని ప్రోటీన్లతో కలిసి ముద్దల్లా పోగవుతాయి. వీటిని స్ట్రెస్ గ్రాన్యూల్స్ అంటారు. నానబెట్టిన విత్తనాలను గోనెసంచిలో కట్టిపెట్టినట్టు, అదను వచ్చేదాకా అవి అక్కడ ఉంటాయి.

ఇంతవరకు చెప్పింది కణం కావాలని చేసేది. కావాలని చేయనిది కూడా ఉంది, అదే అసలు నష్టం.

ఎంఆర్‌ఎన్‌ఏకు డీఎన్‌ఏలా రెండు పోగులు ఉండవు, ఒంటి పోగు. దాన్ని చుట్టి కాపాడే ప్రోటీన్లూ అంతగా ఉండవు. కాబట్టి హైడ్రాక్సిల్ లాంటి రాడికల్స్ దెబ్బ దానికి తేలిగ్గా తగులుతుంది. ముఖ్యంగా జీ అక్షరం, గ్వానిన్, ఆక్సీకరణ చెందుతుంది. అలా పాడైన ఒక్క అక్షరం వచ్చినా రైబోజోమ్ అక్కడ ఇరుక్కుపోతుంది. ఆ చోట అమైనో ఆమ్లం కట్టే వేగం వెయ్యి రెట్లకు పైగా పడిపోతుందని 2014లో బ్యాక్టీరియా రైబోజోములతో చేసిన ప్రయోగాల్లో తేలింది. ఒకటి ఆగితే వెనక వస్తున్నది దాన్ని గుద్దుకుంటుంది. కణం ఆ గుద్దుకోవడాన్నే గుర్తుగా తీసుకుంటుంది. రైబోజోమును విడదీసి, పాడైన ఎంఆర్‌ఎన్‌ఏను, సగం తయారైన ప్రోటీన్‌ను నాశనం చేయిస్తుంది. అల్జైమర్స్ అనే మతిమరుపు జబ్బు ఉన్న రోగుల మెదడు కణాల్లో ఆక్సీకరణ చెందిన ఆర్‌ఎన్‌ఏ ఎక్కువగా కనిపించింది. నష్టం ఆ మెదడు లోతుల్లో ఎంతకాలంగా జరుగుతూ వచ్చిందో అనిపిస్తుంది.

అమైనో ఆమ్లాన్ని సరైన టీఆర్‌ఎన్‌ఏకు అతికించే ఎంజైములకు కూడా దెబ్బ తగులుతుంది. ఈ-కొలై బ్యాక్టీరియాలో థ్రియోనిన్ అనే అమైనో ఆమ్లాన్ని అతికించే ఎంజైముకు తప్పు సరిదిద్దుకునే చోటొకటి ఉంది. తీవ్రమైన ఒత్తిడిలో అక్కడి సిస్టీన్ ఆక్సీకరణ చెందితే థ్రియోనిన్ ఉండాల్సిన చోట సెరిన్ వచ్చి చేరుతుంది. అది 2010 నాటి ఫలితం. అంతకు ముందు ఏడాది, 2009లో, ఇంకో సంగతి తెలిసింది. మన కణాల్లో మామూలు రోజుల్లోనే మెథియోనిన్‌లో నూటికి ఒకటి వేరే టీఆర్‌ఎన్‌ఏలకు తప్పుగా అతుకుతుంది. ఒత్తిడిలో ఈ తప్పు పదింతల దాకా పెరుగుతుంది. ఇది కణానికి మేలు చేసే తప్పు కావచ్చని ఆ పరిశోధకుల ఆలోచన. మెథియోనిన్‌లోని గంధకం రాడికల్స్‌ను తన మీదకు తీసుకుని ఆక్సీకరణ చెందుతుంది. దాన్ని తిరిగి మామూలు స్థితికి తెచ్చే ఎంజైము మన దగ్గర ఉంది. అంటే ప్రోటీన్ ముఖ్యమైన భాగాల చుట్టూ అదనంగా మెథియోనిన్‌లు చేరితే అవి దెబ్బ తమ మీద వేసుకుంటాయి. అన్ని సందర్భాల్లోనూ ఇదే జరుగుతుందని నేను అనను గానీ, ఈ ఆలోచన నాకు చాలా నచ్చింది.

తెరవాల్సిన సమయం

మరమ్మతు అయ్యాక షట్టరు ఎత్తాలి. ఆ ఏర్పాటూ కట్టేసినప్పుడే మొదలవుతుంది. ఏటీఎఫ్4 దారిలోనే జీఏడీడీ34 అనే ప్రోటీన్ తయారవుతుంది. అది ఈఐఎఫ్2 మీది ఫాస్ఫేట్‌ను తీయిస్తుంది. తయారీ మళ్లీ మొదలవుతుంది. లోపల బాగుపడిందా లేదా అన్నది ఇక్కడ చాలా ముఖ్యం. పూడిక తీయకుండా, గట్లు బలపరచకుండా నీరు వదిలితే గండ్లు పడతాయి. ఒత్తిడి తగ్గకుండానే ప్రోటీన్ల తయారీ మళ్లీ ఊపందుకుంటే కణంలో ఆక్సీకరణ ఇంకా పెరిగి కణం చనిపోతుందని 2013లో చూపించారు.

ప్రోటీన్ల తయారీయే ఒక్కోసారి పెరాక్సైడ్‌ను పుట్టిస్తుంది, ఇన్సులిన్ అందుకు మంచి ఉదాహరణ. ఇన్సులిన్ సరైన ఆకారంలో నిలవడానికి దానిలో గంధకంతో వేసిన మూడు ముళ్లు ఉండాలి. ఆ ముళ్లు వేసే దారిలో ముడికొక పెరాక్సైడ్ పుట్టగలదు. తిన్న తర్వాత గట్టిగా పనిచేసేటప్పుడు ప్యాంక్రియాస్‌లో ఇన్సులిన్ చేసే ఒక్కో బీటా కణం నిమిషానికి పది లక్షల దాకా ఇన్సులిన్ అణువులు చేయగలదు. ఎలుకల్లో కొలిచి చూస్తే ఈ బీటా కణాల్లోనే కేటలేజ్ చాలా తక్కువగా కనిపించింది. అంత పని, అంత తక్కువ రక్షణ! అందుకే ఈ కణాలకు సమయానికి ఆపడం ప్రాణాధారం. పెర్క్ జన్యువు పాడై పుట్టిన పిల్లలకు వోల్కాట్-రాలిసన్ అనే అరుదైన జబ్బు వస్తుంది. పసితనంలోనే షుగర్ వచ్చేస్తుంది. వాళ్ల బీటా కణాలకు షట్టరు దించే లస్కరు లేడు. ఆపలేని కణాలు అలసి రాలిపోతాయి.

దీనికి రెండో వైపు కూడా ఉంది. అల్జైమర్స్ మెదడులో ఈఐఎఫ్2 మీద ఫాస్ఫేట్ ఎక్కువగా కనిపిస్తుంది, అంటే అక్కడ షట్టరు దిగి ఉండిపోయింది. కొత్త జ్ఞాపకం నిలవాలంటే కొత్త ప్రోటీన్లు కావాలి. ఆ జబ్బు లక్షణాలున్న ఎలుకల మెదడులో పెర్క్‌ను తగ్గిస్తే జ్ఞాపకశక్తి మెరుగైంది. ఒకే పెర్క్ లేకపోవడం బీటా కణాన్ని చంపుతుంది, ఎక్కువగా పనిచేయడం మెదడును కుంగదీస్తుంది. కాబట్టి దీన్ని మందులతో సరిచేయడం ఎంత కష్టమో ఊహించుకోవచ్చు.

క్యాప్సూళ్ల సంగతి

ఇంత విన్నాక మా పిన్ని, "అయితే ఆ యాంటీఆక్సిడెంట్ బిళ్లలు వేసుకుంటే సరిపోతుందిగా?" అని అడిగింది. మెడికల్ షాపులో ఇచ్చిన డబ్బా ఇంట్లో పెట్టుకుంది కూడా. ఆమెకు చెప్పిందే ఇక్కడా చెబుతాను. ఫిన్లాండ్‌లో 29 వేల మందికి పైగా పొగతాగే మగవాళ్లకు బీటా కెరోటిన్, విటమిన్ ఈ బిళ్లలు ఐదు నుంచి ఎనిమిదేళ్ల పాటు ఇచ్చి చూశారు. 1994లో ఫలితం వచ్చింది. బీటా కెరోటిన్ తీసుకున్నవాళ్లలో ఊపిరితిత్తుల క్యాన్సర్ 18 శాతం ఎక్కువగా వచ్చింది. 2009లో జర్మనీలో ఇంకో చిన్న అధ్యయనం జరిగింది. వ్యాయామం చేయించినవాళ్లలో కొందరికి విటమిన్ సి, ఈ బిళ్లలు ఇచ్చారు. బిళ్లలు వేసుకోనివాళ్లకు ఇన్సులిన్ బాగా పనిచేయడం మొదలైంది, వేసుకున్నవాళ్లకు ఆ మేలు కనిపించలేదు. వ్యాయామంలో పుట్టే కొద్దిపాటి పెరాక్సైడే కణానికి కబురు. దాన్ని తుడిచేస్తే రక్షణ ఎంజైములు మేల్కొనవు. ఆకుకూరలు, పళ్లు తినడం వేరు, డాక్టరు చెప్పకుండా పెద్ద మోతాదుల బిళ్లలు మింగడం వేరు. డాక్టరు ఒక లోపం చూసి రాసిన మందు గురించి నేను మాట్లాడటం లేదు.

మళ్లీ చేను దగ్గరికి

మొక్కలకు కూడా ఈ ఆపడం తెలుసు. ఆవాల కుటుంబానికి చెందిన అరబిడోప్సిస్ అనే చిన్న మొక్కకు కొన్ని గంటలు ఆక్సిజన్ తగ్గించి చూశారు. ప్రోటీన్ల తయారీ చాలావరకు ఆగింది. యూబీపీ1 అనే ప్రోటీన్ ఎన్నో ఎంఆర్‌ఎన్‌ఏలను ముద్దలుగా దాచిపెట్టింది. తట్టుకోవడానికి అవసరమైన కొన్ని మాత్రం రైబోజోముల మీదే ఉన్నాయి. గాలి తిరిగి అందగానే దాచినవి బయటికొచ్చి తయారీ మొదలైంది. మొక్కల్లో ఈఐఎఫ్2 దగ్గర షట్టరు దించేది ముఖ్యంగా జీసీఎన్2. మితిమీరిన వెలుతురులో పత్రహరితం దగ్గర పుట్టే చురుకైన ఆక్సిజన్ దాన్ని కదిలిస్తుందని తేలింది.

వరిలో ఆపడం బాగా నేర్చిన రకం ఒకటి పక్క రాష్ట్రం ఒడిశాలో దొరికింది. ఎఫ్‌ఆర్13ఏ అనే ఆ నాటు రకం రెండు వారాల దాకా మునిగినా బతుకుతుంది. కారణం సబ్1ఏ అనే జన్యువని 2006లో గుర్తించారు. మామూలు వరి మునిగితే నీటిపైకి రావాలని గబగబా సాగుతుంది, ఆ తొందరలో నిల్వలన్నీ ఖర్చుచేసుకుంటుంది. సబ్1ఏ ఉన్న వరి సాగదు. కదలకుండా నిల్వలు దాచుకుని కూర్చుంటుంది. అంతేకాదు, నీరు తీశాక వచ్చే ఆక్సీకరణ దెబ్బను చల్లార్చే జన్యువులు కూడా ఇందులో బలంగా పనిచేస్తాయని 2011లో తెలిసింది. నాన్న అడిగిన ప్రశ్నకు సూటి జవాబు అదే.

ఆ జన్యువును పెట్టడానికి ఎంచుకున్న రకాల్లో ఒకటి మన మార్టేరు పరిశోధన కేంద్రంలో పుట్టిన స్వర్ణ, ఎంటీయూ 7029. మిగతా గుణాలన్నీ స్వర్ణవే ఉండేలా, ముంపును తట్టుకునే గుణం ఒక్కటే చేర్చారు. స్వర్ణ-సబ్1 పేరుతో 2009లో మన దేశంలో విడుదల చేశారు.

నాన్నకు ఇదంతా ఒక సాయంత్రం గట్టు మీద కూర్చుని చెప్పాను. కాలువ పోలిక ఆయనకు వెంటనే అందింది. ఏటీఎఫ్4 బస్సు కథ రెండుసార్లు చెప్పించుకున్నారు. తర్వాత, "మరి నీరు తీశాక యూరియా ఎప్పుడు చల్లాలి?" అని అడిగారు. యూరియాలోని నత్రజనితో మొక్క అమైనో ఆమ్లాలు, వాటితో ప్రోటీన్లు చేసుకుంటుంది. తయారీ ఆగి ఉన్నప్పుడు వేస్తే మొక్క తీసుకోలేదు, నీటితో పాటు మురుగు కాలువలోకి పోతుంది. కొన్ని రోజులు ఆగి, కొత్త మొవ్వు కనిపించాక వెయ్యమని చెప్పాను.

నాన్న కాసేపు ఆలోచించి, "ఆ ఏడాది నీరు తీసిన మర్నాడే రెండు బస్తాలు చల్లేశానమ్మా" అన్నారు.